ఎదురుపడిన చీమ ఎందుకు ఆగుతుంది

ఒకప్పుడు చీమలు దారిలో ఎదురుపడితే ఆగేవి కావు. ఎవరి తొందర వాళ్లది. నడుస్తూ నడుస్తూనే "తిన్నావా?" అని అడిగేవి. "ఆఁ, తిన్నాను" అని జవాబు వచ్చేది. ఆ జవాబు వచ్చేసరికి అడిగిన చీమ నాలుగడుగులు దాటిపోయి ఉండేది.

తిన్నా అదే జవాబు, తినకపోయినా అదే జవాబు. ఎవరింటికైనా వెళ్లి, కడుపు మాడుతున్నా "ఇప్పుడే తినొచ్చాం" అని మనం చెప్పమూ? అలాగే. మొహమాటంలో చీమలు మనల్ని మించిపోయాయి.

ఆ రోజుల్లో ఒక చెరుకు గానుగకి కాస్త దూరంలో, పొలం గట్టు కింద, పెద్ద చీమల పుట్ట ఉండేది. ఆ పుట్టలో నూకాలు అనే చీమ ఉండేది. దాని పని మోత. తెల్లారగానే గానుగ దగ్గరికి పోవాలి. కింద కారిన చెరుకు రసం కడుపులో నింపుకోవాలి. పుట్టకి తెచ్చి కక్కాలి. మళ్లీ పోవాలి. పొద్దుగూకే దాకా ఇంతే.

కడుపులో నింపుకుంటే తిన్నట్టే కదా అంటారేమో. అక్కడే వచ్చింది తంటా. చీమకి రెండు కడుపులు. ముందున్న పెద్దది ఊరి కడుపు, వెనకున్న చిన్నది సొంత కడుపు. రెంటికీ మధ్య ఒక బుల్లి తలుపు. ఆ తలుపు తీస్తేనే రసం ఒంటికి పడుతుంది. తియ్యకపోతే, పెద్ద కడుపు నిండా రసం ఉన్నా చీమ ఆకలితో నకనకలాడాల్సిందే.

దారిలో ఆ తలుపు తియ్యకూడదని పుట్టలో కట్టుబాటు. వాకిట్లో కూర్చునే పోలమ్మ ఆ కట్టుబాటుకి కాపలా.

"ముందు పిల్లలు తాగాల. తరవాత గుడ్లు పెట్టే అమ్మ. ఆ తరవాత మట్టి తవ్వేవోళ్లు. మిగిలింది మోసేవోళ్లకి" అనేది పోలమ్మ.

పోలమ్మ చెడ్డదేం కాదు. లోపల వెయ్యి నోళ్లున్నాయి. వానలు పడితే ఎవరూ గడప దాటలేరు. అప్పుడు పిల్లలకి ఏం పెట్టాలన్నదే దాని బెంగ. కానీ మోసేవాళ్ల వంతు వచ్చేసరికి ఏనాడూ ఏమీ మిగిలేది కాదు. మహా అయితే గోడకి అంటుకున్న తడి. నూకాలు ఆ తడి నాకి పడుకునేది.

నోరు తెరిచి "తినలేదు" అని చెప్పొచ్చు కదా? వెనకటికి ఒక చీమ చెప్పింది. ఆ రోజు నుంచి దానికి సొంతకడుపు అని పేరు పెట్టారు. "అదిగో సొంతకడుపు వస్తోంది, ఇదిగో సొంతకడుపు పోతోంది" అని పుట్టంతా నవ్వింది. ఆ తరవాత ఇంకెవరు చెబుతారు?

ఆ ఏడు ఎండాకాలం వచ్చేసరికి నూకాలు బాగా అలిసిపోయింది. పడుకుని లేస్తే తీరే అలసట కాదది. ఆరు కాళ్లలో ఏ కాలు ముందు వెయ్యాలో కూడా ఒక్కోసారి తోచేది కాదు. ముందు నడిచే పైడమ్మ కాళ్లు చూసి, అది ఏ కాలు వేస్తే తనూ ఆ కాలు వేసేది. పైడమ్మ నూకాలుకి అప్ప, అంటే అక్క. గానుగ దారి నేర్పింది పైడమ్మే.

"తిన్నావా అప్పా?" అని రోజూ అడిగేది నూకాలు.

"తిన్నానే. నువ్వో?"

"నానూ తిన్నాను."

ఒకరోజు మధ్యాహ్నం, మాడిపోయే ఎండలో, రసం నింపుకుని వస్తున్న పైడమ్మ దారి మధ్య పక్కకి ఒరిగి పడిపోయింది.

ఎదురుగా వచ్చే చీమలు దాన్ని చుట్టి పోతూ అడిగాయి. "తిన్నావా అప్పా?" పైడమ్మ పడుకునే "తిన్నానే" అంది. ఇంకో చీమ అడిగింది, దానికీ "తిన్నాను" అంది. ఏడు చీమలు అలా అడిగి వెళ్లిపోయాయి. ఎందుకు పడిపోయావని ఒక్కటీ అడగలేదు.

వెనక రసం నింపుకుని వస్తున్న నూకాలు కూడా అలవాటు కొద్దీ "తిన్నావా?" అనేసి ఒక అడుగు దాటింది. తరవాత ఆగింది. జాలిపడి ఆగలేదు, అబద్ధమెందుకు. ఆగడానికి ఏదో ఒక వంక దొరికిందని ఆగింది. ఆగాక వెనక్కి తిరిగి చూసింది.

దగ్గరికొచ్చి తన మీసాలతో పైడమ్మ మొహం తడిమింది. నోటి దగ్గర మీసం గరగరలాడింది.

"ఏటప్పా, నోరంతా ఎండిపోనాది! తిన్నానన్నావు గదా?"

"తిన్నానే."

"ఎప్పుడు?"

ఆ మాట అంతకుముందు ఏ చీమా అడిగి ఎరగదు.

"గుర్తు లేదే" అంది పైడమ్మ.

"నీ కడుపు నిండా రసముంది. తలుపు తియ్యి."

"అది పిల్లలది. నాను తియ్యను."

"అయితే నా దాంట్లోది తాగు."

"నీది మాత్రం పిల్లలది కాదేటి?"

నూకాలుకి వాదించే ఓపిక లేదు. ఒక చుక్క పైకి తెచ్చి పైడమ్మ నోట్లో పెట్టింది. ఇంకో చుక్క పెట్టింది. పైడమ్మ కాళ్లు కదిలాయి. అప్పుడు నూకాలు తన బుల్లి తలుపు కాస్త తీసి తనూ ఒక గుక్క మింగింది. ఏడుపొచ్చింది దానికి, తీపి అంత బాగుంటుందని మర్చిపోయింది.

ఈలోగా వెనకాల బారు ఆగిపోయింది. ఏమైందంటే ఏమైందని ఒకదాని మీద ఒకటి ఎక్కి చూశాయి. చూసి, అన్నీ తలుపులు బార్లా తీసేశాయి. గటగటా తాగేశాయి. ఎన్నాళ్ల ఆకలో మరి! ఒక్క చుక్క మిగల్చలేదు.

పుట్ట వాకిట్లో పోలమ్మ మొదటి చీమని "కక్కు" అంది. ఏమీ రాలేదు. రెండోదీ అంతే, పదోదీ అంతే. లోపల పిల్లలు ఏడుపు మొదలుపెట్టారు.

పోలమ్మ అరవలేదు. అరిచినా బాగుండేది. "గానుగ రేపటితో ఆగిపోద్ది. వోళ్లకి నానేటి పెట్టాలర్రా?" అని మట్టి మీద కూలబడింది. తాగొచ్చిన చీమలు తలలు దించుకున్నాయి.

అందరికంటే వెనక, పైడమ్మని ఆసరా పట్టుకుని నూకాలు వచ్చింది. పైడమ్మ నేరుగా పిల్లల దగ్గరికి పోయి తన కడుపులోదంతా కక్కింది. నూకాలు పెట్టిన రెండు చుక్కలకి తప్ప అది తలుపు తియ్యనే లేదు. పిల్లల ఏడుపు కాస్త తగ్గింది.

అది చూసేసరికి నూకాలుకి ఒళ్లు మండిపోయింది. "ఇది దారిలో చచ్చిపోయేది, తెలుసా? నువ్వు నీడలో కూకుని కట్టుబాట్లు చెప్తావు. నువ్వు తిన్నావేటి?" అని పోలమ్మని నిలదీసింది.

"తిన్నానే" అంది పోలమ్మ చప్పున.

ఆ గొంతు నూకాలుకి బాగా తెలిసిన గొంతు. ఇందాక దారిలో విన్నది అదే గొంతు. కోపమంతా ఎటో పోయింది. దగ్గరికి జరిగి మీసం చాపి పోలమ్మ నోరు తడిమింది. పైడమ్మ నోటి కన్నా ఎక్కువ ఎండిపోయి ఉంది.

"ఎప్పుడు తిన్నావప్పా?"

పోలమ్మ నేల చూపులు చూసింది. "అందరూ తిన్నాక తిందామనుకున్నాను. అందరూ తినడం ఏ రోజూ అవనేదు" అంది.

నూకాలు తన దగ్గర మిగిలిన దాంట్లోంచి ఒక చుక్క పోలమ్మ నోట్లో పెట్టింది. మిగతాది లోపలికి తీసుకెళ్లి పిల్లల దగ్గర కక్కింది.

అది తిరిగొచ్చేసరికి పోలమ్మ లేచి నిలబడింది. "ఇకమీద ఎవర్నీ నోటితో అడక్కండి. నోరు మొహమాటపడద్ది. మీసం పెట్టి చూడండి. ఎండిపోతే ఒక్క చుక్క పెట్టండి. ఒక్కటే. మిగతాది పిల్లలకి" అంది.

"అందరి దగ్గరా ఆగితే ఆలస్యమవదా?" అని వెనక నుంచి ఒక చీమ సణిగింది.

"అవనీ" అంది పోలమ్మ.

మర్నాడు గానుగ ఆడిన ఆఖరి రోజు. చీమలు ఆగుతూ నడిచాయి, నడుస్తూ ఆగాయి. పుట్టకి చేరిన రసం మునుపటి కన్నా కొంచెం తక్కువే. నూకాలు అలసట తీరిందా అంటే, తీరలేదు. మోత మోతే కదా. కానీ ఆ రోజు దారిలో ఎవరూ పడిపోలేదు.

అప్పటినుంచే చీమలు ఎదురుపడిన ప్రతిసారీ ఆగుతాయి. ఎంత తొందరలో ఉన్నా, ఎంత అలిసిపోయినా, మీసాలు చాపి ఒకదాని మొహం ఒకటి తడిమి చూసుకుంటాయి. ఎండిన నోరు తగిలితే ఒక చుక్క పెడతాయి. మిగతాది మోసుకుంటూ ఇంటికి పోతాయి.