చేతకానివాడి విసనకర్ర

కనకగిరి రాజు విజయకేతుడికి పోయిన పుట్టినరోజున పదకొండు బంగారు నెమళ్ళు వచ్చాయి. కొలువులో పదకొండుమందీ ఒకే కంసాలి దగ్గర చేయించారు మరి. ఒక్కటీ పురి విప్పలేదు, ఒక్కటీ అరవలేదు. ఈసారి పుట్టినరోజు దగ్గర పడగానే రాజుగారికి ఆ నెమళ్ళు గుర్తొచ్చి ఒళ్ళు మండింది.

"ఈసారి ఎవరూ దమ్మిడీ ఖర్చు పెట్టడానికి వీల్లేదు. ఇంట్లోనో పెరట్లోనో పడి ఉన్నదాంతో, ఎవరి చేతులతో వాళ్ళు చేసి తేవాలి. అందరిలోకీ బాగా చేసినవాడికి నా పక్క పీట ఇస్తాను."

ఈ మాట విని అందరూ సంతోషించారు, ముక్కంటయ్య తప్ప. ఆ పీట మీద పన్నెండేళ్ళుగా కూర్చుంటున్నది ఆయనే. కొలువును నవ్వించడం ఆయన ఉద్యోగం. గొంతేమో చిన్నది, పక్కనుంటే తప్ప రాజుగారికి వినపడదు. నాలుగు వరసల వెనక్కి నెడితే ఆ చమత్కారమంతా స్తంభాలకు చెప్పుకోవాలి. స్తంభాలు జీతమివ్వవు.

పైగా తన చేతుల సంగతి ఆయనకు బాగా తెలుసు. పెళ్ళిలో మూడుముళ్ళకి తను వేయగలిగినవి రెండేననీ, మూడోది అక్క వేసిందనీ, కాపురం నిలబడింది ఆ మూడో ముడి మీదేననీ ఆయనే ఊరంతా చెప్పుకునేవాడు.

పెరట్లో ఎండు తాటాకులున్నాయి. ఇంట్లో భార్య కామేశమ్మ పాత చీర అంచు ఉంది. విసనకర్రకేం, చిన్నపిల్లలు కూడా చేస్తారనుకుని కూర్చున్నాడు. మొదటి రోజు ఈనె గుచ్చుకుంది. రెండో రోజు సూది గుచ్చుకుంది. మూడో రోజు ఏది గుచ్చుకుందో తెలియకుండానే రక్తం వచ్చింది. కామేశమ్మ వేళ్ళకి పసుపు రాసి గుడ్డ కట్టి, ఇది విసనకర్రా, మాడిన అప్పడమా అని అడిగింది. అది ఒక పక్కకి వంగిపోయింది. ఎంత విసురుకున్నా గాలి తన మొహానికి తగలదు, పక్కనున్న కామేశమ్మ ముంగురులు మాత్రం ఎగిరాయి.

ఆ వంకర సరిచేసే ఉపాయం అడుగుదామని బుట్టలల్లే సూరమ్మ ఇంటికి వెళ్ళాడు. ఆమె చేతిలో ఎర్రదారం అంచుతో తాటాకు బుట్ట ఒకటి తయారవుతోంది. చూడముచ్చటగా ఉంది. ఎవరికని అడిగితే ఆమె అటూ ఇటూ చూసి, కొలువులో అలంకరణలు చూసే ఉద్దండరాయుడు చేయిస్తున్నాడనీ, ఈ సంగతి పొక్కితే తనని ఊళ్ళో బతకనివ్వడనీ చెప్పింది.

"నా పేరు మాత్రం ఎత్తకండి బాబయ్యా," అంది.

ఎత్తనని మాటిచ్చాడు ముక్కంటయ్య. దారి పొడుగునా తనని తాను తిట్టుకున్నాడు. చేతులు ఎలాగూ పనికిరావు, ఇప్పుడు నోరు కూడా కట్టేసుకున్నాడు.

పుట్టినరోజు రానే వచ్చింది. మంత్రిగారు పాత ధోవతి చింపి దీపపు ఒత్తులు చేసి తెచ్చాడు. సేనాపతి కొబ్బరిచిప్పకు కర్ర దూర్చి గరిటె తెచ్చాడు, అది నిజంగానే బాగుంది. ఉద్దండరాయుడు బుట్ట పైకెత్తేసరికి అందరూ గరిటెను మరిచిపోయారు. మూడు రోజులు తిండి మానుకుని అల్లానని చెబుతూ ఆయన తన ఉంగరాల వేళ్ళు అందరికీ చూపించాడు. తర్వాత ముక్కంటయ్య విసనకర్ర కంటపడింది.

"పాపం, చేతకానివాడు. ఇంతకంటే ఏం చేస్తాడు ప్రభూ? ఆ పీట చేతనైనవాళ్ళకి ఇప్పించండి," అన్నాడు.

ముక్కంటయ్య కాదనలేదు. తాను చేతకానివాడినేనని ఒప్పుకుని, అంత గొప్ప పనితనం దగ్గరగా చూస్తే తనకీ కాస్త అంటుతుందేమోనంటూ బుట్ట మీదికి వంగాడు. అంచు మీద వేలు పెట్టి, నిప్పు తగిలినట్టు వెనక్కి తీసుకున్నాడు.

"తమరు దీన్ని తాకకండి ప్రభూ. ఈ ముళ్ళు పాడె కట్టేటప్పుడు వేసే ముళ్ళలా ఉన్నాయి."

బుట్ట అందుకోబోయిన రాజుగారి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. పుట్టినరోజు నాడు ఇదేమిటని రాజుగారు ఉద్దండరాయుడి వైపు చూశాడు. ఉద్దండరాయుడు బుట్టని కింద పెట్టేసి రెండడుగులు వెనక్కి వేశాడు.

"నాకేం తెలియదు ప్రభూ. ఆ అల్లిక నా చేత కాలేదు. ఒక్క ముడి కూడా నా చేత కాలేదు."

ముక్కంటయ్య గుడ్డ కట్టిన వేళ్ళు జోడించాడు.

"నా చేత వంకరగానైనా అయింది. ఆయన చేత అసలే కాలేదట. చేతకానివాడెవరో ఇక తమరే సెలవివ్వండి."

ముందు మంత్రి నవ్వాడు, ఆ వెనక సభంతా నవ్వింది. మరి పాడె ముడి మాటేమిటని రాజుగారు అడిగితే, నాకు ముళ్ళ సంగతి తెలిస్తే మా అక్కని పెళ్ళిపీటల దాకా ఎందుకు లాక్కొస్తానన్నాడు ముక్కంటయ్య. అల్లిందెవరో మాత్రం చెప్పలేదు. రాజుగారు గద్దిస్తే ఉద్దండరాయుడే చెప్పాడు.

పదకొండు బంగారు నెమళ్ళూ సూరమ్మ ఇంటికి పంపమన్నాడు రాజు. ఆమె జోలికి వెళితే తన జోలికి వచ్చినట్టేనన్నాడు. ఆమె మెచ్చే బుట్ట ఒకటి సొంతంగా అల్లేదాకా ఉద్దండరాయుణ్ణి కొలువుకు రావద్దన్నాడు.

"నీ సంగతే తేలలేదు ముక్కంటీ. మాట ప్రకారం పీట సేనాపతిది. నీ విసనకర్ర బాగుందని నా నోటితో ఎలా అనను?" అంటూ దాన్ని తీసుకుని విసురుకున్నాడు. రాజుగారి మీసం కదల్లేదు. పక్కనున్న ముక్కంటయ్య ఉత్తరీయం రెపరెపలాడింది.

ముక్కంటయ్య ఉత్తరీయం సర్దుకున్నాడు.

"చూశారుగా ప్రభూ, గాలంతా పక్కవాడికే. ఈ శిక్ష సేనాపతిగారికెందుకు? చేసుకున్నవాడికి చేసుకున్నంత అన్నారు, నేనే అనుభవిస్తాను."

అందరికంటే ముందు సేనాపతే పగలబడి నవ్వి, ఆ పీట తనకొద్దన్నాడు. రాజుగారు నవ్వుతూనే దాన్ని కాలితో తన సింహాసనం దగ్గరికి ఇంకో జానెడు లాగి, ముక్కంటయ్యని కూర్చోబెట్టి, విసరడం మొదలుపెట్టాడు.