తూకంలో తప్పిన జోడీ

మంజీర ఒడ్డున వడ్లంపేట హైస్కూల్లో లింబాద్రి అని పదో తరగతి కుర్రవాడు ఉండేవాడు; గోదాలో ఎంతటివాడు ఎదురొచ్చినా బెదిరేవాడు కాదు గానీ, నలుగురు ఏమనుకుంటారో అంటే మాత్రం వాడి ప్రాణం గిలగిలలాడేది.

వాడికి తండ్రి లేడు. తల్లి గంగవ్వ బీడీలు చుట్టేది. ఇంట్లో ఉన్న ఒక్క బర్రె పాలలో ముందు కొడుకు చెంబు పక్కన పెట్టి, తర్వాతే మిగిలినవి పాలకేంద్రానికి పోసేది. తనతోపాటు బీడీలు చుట్టే ఆడవాళ్ళతో "మా పహిల్వాన్" అంటూ రోజుకొకసారైనా చెప్పుకొని మురిసిపోయేది. బళ్ళో ఆటలు నేర్పే భూమన్న సారు కూడా అలాగే మురిసేవాడు. "జిల్లా పోటీల్లో గెలువురా. రాష్ట్రానికి పోతవు. అక్కడ గెలిస్తే ఆటల హాస్టల్లో సీటిస్తరు. తిండీ చదువూ వాళ్ళే చూసుకుంటరు. మీ అమ్మ చేతులకు పొగాకు బాధ తప్పుతది," అనేవాడు. లింబాద్రి కూడా రాత్రీ పగలూ అదే కల కనేవాడు.

నది అవతల ఎర్రకుంట ఉంది. ఆ ఊరి బళ్ళో నవనాథ్ అనే కుర్రవాడు ఉండేవాడు. వాడూ పదో తరగతే, వాడూ పహిల్వానే. కిందటేడు జాతరలో పెద్దలు వీళ్ళిద్దరికీ కుస్తీకి జోడీ కట్టారు. ఎంతసేపు పట్టుకున్నా ఒకరి వీపు ఒకరు నేలకు తాకించలేకపోయారు. చివరకు కుస్తీ ఆడించే ఉస్తాద్ వచ్చి ఇద్దరినీ విడదీసి, "బరాబర్!" అని కేకేశాడు. సమానంగా ఆడినవాళ్ళకు కొబ్బరికాయ కొట్టి చెరో చిప్ప ఇవ్వడం అక్కడి ఆనవాయితీ. నవనాథ్ తన చిప్ప అక్కడే కొరుక్కు తిన్నాడు. లింబాద్రి మాత్రం దాన్ని ఇంటిదాకా తీసుకెళ్ళి బర్రె తొట్టిలో పడేశాడు. సగం గెలుపు వాడికి గెలుపులాగే అనిపించలేదు.

జాతర గోదాలో త్రాసు ఉండదు. పెద్దలు పిల్లల్ని పక్కపక్కన నిలబెట్టి, మెడలూ భుజాలూ చూసి జోడీ కడతారు. కట్టిన జోడీ నుంచి తప్పుకున్నవాణ్ణి పిరికివాడంటారు. బడి పోటీల పద్ధతి వేరు. అక్కడ అంతా కిలోల లెక్క. యాభై ఐదు కిలోల దాకా ఒక వరస, ఆపైన అరవై దాకా ఇంకో వరస. ఒక వరసవాడు ఇంకో వరసవాడితో ఆడడు. ఆ వానాకాలంలో లింబాద్రి బాగా ఎదిగి యాభై తొమ్మిదికి వచ్చాడు. నవనాథ్ మాత్రం యాభై ఐదు దాటలేదు. భూమన్న సారు లెక్క చూసి, "నువ్వు అరవైల ఆడు. వాడి తోవ వాడిది, నీ తోవ నీది," అన్నాడు.

సారుకు అర్థమైన ఈ సంగతి ఊరికి అర్థం కాలేదు.

చాయ్ హోటల్ అరుగు మీద బాలాగౌడ్ అనే ఆయన కూర్చునేవాడు. వయసులో ఉన్నప్పుడు రెండు మూడు కుస్తీలు పట్టాడట. ఆ రెండు మూడూ చెప్పడానికి ఆయనకు ఇరవై ఏళ్ళు సరిపోలేదు. ఒక సాయంత్రం లింబాద్రి అటుగా పోతుంటే పిలిచాడు.

"ఏంరా అల్లుడా! ఈసారి నవనాథ్‌గానితోని పడుతలేవంట?"

"లేదు మామా. ఇద్దరి బరువులు వేరే వేరే..."

"బరువులేందిరా! మా కాలంల కిలోలు ఉండెనా? భయమైతే భయమని చెప్పు. కొబ్బరిచిప్ప యాదికొచ్చినట్టున్నది!"

అరుగు మీదివాళ్ళంతా గొల్లుమన్నారు. బాలాగౌడ్ కూడా నవ్వి, చాయ్ తాగి, పసుపు ధర ఎంత పలుకుతున్నదని పక్కవాణ్ణి అడగడంలో పడ్డాడు. ఆయన వరకు ఆ ముచ్చట అక్కడితో సరి. లింబాద్రికి మాత్రం అది చెవిలో దూరిన చీమలా అయింది. ఇంటికి వచ్చాక కూడా ఆ నవ్వే వినిపించింది. తెల్లవారేసరికి వాడు ఒక నిర్ణయానికి వచ్చాడు. యాభై ఐదుకు దిగుతాను, నవనాథ్‌ను అక్కడే పట్టుకుంటాను, ఊరి నోరు మూయిస్తాను అనుకున్నాడు. లోకులు పలుగాకులని పెద్దలు ఊరికే అన్నారా? కాకుల నోరు మూయించినవాడు ఎక్కడైనా ఉన్నాడా? కానీ ఆ వయసులో అది ఎవరు చెప్పినా తలకెక్కదు.

సారును అడిగితే ఆయన గట్టిగా కసిరాడు. "ఎదిగే ఒళ్ళురా అది! ఎండబెడితే కండల బలం ఉంటదా? కొరివితోని తల గోక్కోకు," అన్నాడు. లింబాద్రి సరేనని తల ఊపాడు. ఆ రోజు నుంచే దొంగచాటుగా మొదలుపెట్టాడు.

తల్లి పెట్టిన జొన్నరొట్టెలు బడికని మూటగట్టుకుపోయి దోవలో కుక్కలకు వేసేవాడు. పాలచెంబు తల్లి చూడనప్పుడు మళ్ళీ బర్రె కుడితిలోనే ఒంపేవాడు. మిట్టమధ్యాహ్నం గొంగడి కప్పుకొని చెరుకు తోటల మధ్య పరుగెత్తేవాడు. చివరి రోజుల్లో నీళ్ళు తాగడం కూడా మానేశాడు. దాహం ఆగనప్పుడు పుక్కిలించి ఉమ్మేసేవాడు. చెంపలు లోపలికి పోయాయి. మాట్లాడితే నాలుక అంగిలికి అంటుకునేది.

గంగవ్వ బీడీల చాట పక్కన పెట్టి కొడుకు ముఖం రెండు చేతుల్లోకి తీసుకుంది. "ఏమైందిరా బిడ్డా? ఏమన్న రోగమా? నాతోని చెప్పరాదా?" అంది.

"ఏం లేదమ్మా. పోటీలకు ముందు గిట్లనే ఉంటది," అన్నాడు.

ఆమెకు కుస్తీ సంగతులు తెలియవు. కొడుకు మాట నమ్మింది. నమ్మి, పొయ్యి దగ్గర కూర్చొని ఏడ్చింది.

పోటీలకు ముందు వచ్చిన అంగడి రోజున లింబాద్రికి నవనాథ్ ఎదురుపడ్డాడు. వాడి చేతిలో అరటిపండ్ల గెల, భుజాన సంచి నిండా పల్లీలు ఉన్నాయి. వాడి వెనక ఎర్రకుంట పిల్లలు, వీడి వెనక వడ్లంపేట పిల్లలు. నవనాథ్ ఏదో అడగబోయినట్టు నోరు తెరిచాడు. లింబాద్రి కూడా ఒక అడుగు ముందుకు వేశాడు. ఇంతలో వెనక నుంచి ఎవడో ఈల వేశాడు. ఇద్దరూ ఛాతీలు విరుచుకొని, ఒకరినొకరు ఉరిమి చూసుకొని, చెరో దిక్కుకు పోయారు. నన్ను ఓడించడానికే మెక్కుతున్నాడు వీడు అనుకున్నాడు లింబాద్రి. అక్కడ ఒక్క మాట మాట్లాడుకున్నా ఇద్దరూ బతికిపోయేవాళ్ళు. ఆ ఒక్క మాటకే ఇద్దరికీ ధైర్యం చాలలేదు.

పోటీ రోజు పొద్దున్నే జిల్లా కేంద్రంలో తూకాలు మొదలయ్యాయి. బడి పేరు చెప్పి త్రాసెక్కితే, ముల్లు చూపించిన దాన్ని బట్టి ఏ వరసో రాసుకుంటున్నారు. భూమన్న సారు చిన్న పిల్లల్ని తీసుకొని ఇంకో గదికి వెళ్ళాడు. లింబాద్రి ముందురోజే, సారుకు మొక్కని చెప్పి, గుండు చేయించుకున్నాడు. వెంట్రుకల బరువు కూడా ఎందుకని! త్రాసెక్కితే ముల్లు యాభై ఐదు మీద వణికి వణికి ఆగింది. "చలో," అన్నాడు తూకం చూసేవాడు. లింబాద్రి దిగి, కళ్ళు బైర్లు కమ్ముతుంటే గోడ పట్టుకొని, యాభై ఐదు వరసలో నవనాథ్ కోసం వెతికాడు.

నవనాథ్ అక్కడ లేడు. గదికి ఆ చివర, అరవై వరసలో పొట్ట పట్టుకొని నిలబడి ఉన్నాడు. వాడూ వీడి కోసమే వెతుకుతున్నాడు.

వాడే ముందుగా వచ్చాడు. "నువ్వు గిక్కడేందిరా?" అన్నాడు.

"నువ్వు అక్కడేంది?"

"నువ్వు అరవైల ఉంటవని పొద్దుగాల నుంచి అరటిపండ్లే తింటున్న. నీళ్ళు తాగి తాగి కడుపు పగులుతున్నది. మా ఊళ్ళె అంటున్నరురా, నీకు భయపడి నేను కింది బరువుల దాక్కున్ననని."

లింబాద్రి ఎండిన పెదవులు తడుపుకోబోయాడు. తడి లేదు. "నేను నీ కోసం ఎండిన," అన్నాడు.

నవ్వాల్సిన సంగతే. ఇద్దరిలో ఎవరికీ నవ్వు రాలేదు.

నవనాథ్ వాడి గుండు వైపు, గుంటలు పడ్డ కళ్ళ వైపు చూశాడు. "లింబాద్రీ, నీ సూరత్ బాగలేదు. ఆడకు. పోదాం పా, మీ సార్‌కు చెప్దాం. తప్పయిందని ఇద్దరం చెప్దాం," అని చెయ్యి పట్టుకున్నాడు.

లింబాద్రికి వెళ్ళాలనే ఉంది. నిజంగా ఉంది. కానీ గుండు చేయించుకొని వచ్చి, కుస్తీ పట్టకుండా తిరిగి పోతే అరుగు మీద ఏమంటారో వాడి కళ్ళ ముందు కదిలింది. చెయ్యి విడిపించుకున్నాడు.

కాసేపటికి భూమన్న సారు పరుగున వచ్చాడు. సంగతి తెలిసి ఆయన ముఖం మాడిపోయింది. లింబాద్రి మణికట్టు పట్టి చూశాడు. "ఎవడు చెప్పిండురా నీకు ఇటు నిలబడుమని? ఏమన్న తిన్నవా? నీళ్ళన్న తాగినవా?"

"తిన్న సార్. తాగిన. ఏం కాలే నాకు."

అది అబద్ధం. తూకం అయ్యాక తాగిన రెండు గ్లాసుల నీళ్ళూ వాడి కడుపులో నిలవలేదు. నవనాథ్ అది చూశాడు. చెప్పాలని సారు వైపు తిరిగేసరికి లింబాద్రి చూసిన చూపుకు ఆగిపోయాడు.

మొదటి కుస్తీ ఏదో మారుమూల బడి నుంచి వచ్చిన బక్కపలచని పిల్లవాడితో పడింది. ఆ పిల్లవాడి పేరు కూడా ఎవరికీ తెలియదు. వేరే రోజైతే లింబాద్రి వాణ్ణి గడ్డిమోపులా ఎత్తి పడేసేవాడు. ఆ రోజు కూడా ఎత్తాడు. భుజం మీదికి తీసుకొని తిరగబోయాడు. సరిగ్గా అప్పుడు తొడ కండ రాయిలా బిగుసుకుపోయింది. పాదం కుస్తీ చాపకు అంటుకుపోయింది, ఒళ్ళు తిరిగింది. ఇద్దరి బరువూ ఆ ఒక్క మోకాలి మీద పడింది. పటుక్కుమన్న చప్పుడు గోడ పక్కన కూర్చున్నవాళ్ళకు కూడా వినిపించింది.

కింద పడ్డ లింబాద్రి అరవలేదు. అరవడానికి గొంతులో తడి లేదు. ఆ బక్క పిల్లవాడు వాడి పక్కన మోకాళ్ళ మీద కూలబడి, "అన్నా, నేనేం చెయ్యలే అన్నా, నేనేం చెయ్యలే," అని ఏడవడం మొదలుపెట్టాడు.

ఆసుపత్రిలో డాక్టరు దాచకుండా చెప్పాడు. "నీళ్ళు లేక కండ బిగుసుకుపోయింది. మోకాలి లోపల నరం తెగింది. ఆపరేషన్ చేస్తాం గానీ ఇక కుస్తీ మాట మరిచిపోవాలి."

"నడుస్తడా సారూ?" అని అడిగింది గంగవ్వ.

"నడుస్తాడమ్మా. కొంచెం కుంటుతాడు."

"నడిస్తే సాలు," అంది ఆమె. ఆ మాట అన్నాక గోడకు చేరగిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. భూమన్న సారు వరండాలో నిలబడి, "చెయ్యి పట్టి చూసిన. అయినా వాని మాటే నమ్మిన," అని తనలో తాను అనుకుంటూ ఉండిపోయాడు.

మర్నాడు నవనాథ్ వచ్చాడు. మంచం పక్కన స్టూలు మీద తల వంచుకు కూర్చున్నాడు. అరవైలో వాడి జోడీ వాణ్ణి మొదటి పట్టులోనే చిత్తు చేశాడట. యాభై ఐదులో ఆడి ఉంటే వాడు తప్పక గెలిచేవాడని అక్కడ అందరూ అన్నారట.

"అంగట్ల నిన్ను అడుగుదామనుకున్న, ఏ బరువుల ఆడుతున్నవని," అన్నాడు నవనాథ్.

"నేను గూడ అడుగుదామనుకున్న," అన్నాడు లింబాద్రి.

ఆ ఏడు ఆటల హాస్టల్‌కు ఆ రెండు ఊళ్ళ నుంచి ఎవరూ వెళ్ళలేదు. గంగవ్వ బీడీలు చుడుతూనే ఉంది. పాలన్నీ ఇప్పుడు కేంద్రానికే పోస్తోంది.

మళ్ళీ జాతర వచ్చింది. డప్పులు మోగుతున్నాయి. గోదా చుట్టూ జనం కిటకిటలాడుతున్నారు. లింబాద్రి కుంటుకుంటూ వచ్చి ఒక వారన కూర్చున్నాడు. వాడి ముందు, తనకంటే చిన్నవాళ్ళు ఒంటికి మట్టి రాసుకొని తొడలు చరుస్తున్నారు. వాడి కుడిచెయ్యి తెలియకుండానే తొడ మీదికి పోయి, మోకాలి నుంచి తొడ దాకా కట్టిన పట్టీ తగిలి ఆగిపోయింది.

బాలాగౌడ్ జనాన్ని తోసుకుంటూ ముందుకు వచ్చాడు. జోడీలు కట్టడానికి కుర్రవాళ్ళ కోసం చూస్తున్నాడు. ఆయన కళ్ళు లింబాద్రి మీద పడ్డాయి.

"ఏంరా అల్లుడా, కూసున్నవు? ఈసారి దిగుతలేవా?" అన్నాడు.

ఆయనకు వాడి కాలి సంగతి గుర్తులేదు. తాను అరుగు మీద అన్న మాట అసలే గుర్తులేదు. జవాబు కోసం ఆగకుండానే ఇంకో పిల్లవాడి భుజం తట్టి, "నువ్వన్న దిగురా, భయమా ఏంది?" అన్నాడు.

ఆ పిల్లవాడు గుడ్లప్పగించి నిలబడ్డాడు. లింబాద్రి చప్పున లేవబోయాడు. మోకాలు సహకరించలేదు. కూర్చున్నచోటు నుంచే ఆ పిల్లవాడి చెయ్యి అందుకొని, "నీకు దిగాలనుంటేనే దిగు తమ్మీ. ఆయన మాటకు దిగకు," అన్నాడు. ఆనాడు ఆడకని తనకూ చెప్పినవాడొకడు ఉన్నాడని, తాను వాడి చెయ్యే విదిలించుకున్నానని తలచుకొని, అంతమందిలో ఏడ్చాడు. ఎవరు చూస్తున్నారో చూసుకోలేదు.

పిల్లలూ, మనల్ని గేలి చేసినవాళ్ళు ఆ మాటను పూటలో మరిచిపోతారు, దాని ఫలితం మాత్రం మనం బతుకంతా మోయాలి. పదిమంది నవ్వుతారని తెలిసినా తప్పును తప్పని ఒప్పుకొని వెనక్కి రాగలిగినవాడే నిజమైన ధైర్యవంతుడు.