పీటలకు చక్రాలు కొట్టించిన టీచరమ్మ

కొర్లవలస అంగన్‌వాడీలో పెద్దవాళ్ళు ఇద్దరే: టీచరు మాణిక్యాంబ, ఆయా నూకాలు. శిక్షణలో చెప్పిన మాట పొల్లుపోకుండా పాటించేది మండలం మొత్తం మీద తానొక్కతేనని మాణిక్యాంబ గొప్ప. నూకాలు ఔనమ్మా ఔనని తలూపేది.

ఆ ఏడు శిక్షణలో మంచి గుణాలు, దేశభక్తి నేర్పమన్నారు. పిల్లలందరూ సమానం, ఒకరికున్నది ఇంకొకరికి లేదనిపించకూడదు, జాతీయగీతం పాడేటప్పుడు కదలకూడదు. పంద్రాగస్టుకి సూపర్‌వైజరు మేడం వచ్చి చూస్తుందనీ, ఇవి కనబడకపోతే కేంద్రాన్ని గెడ్డ అవతలి ఊళ్ళో కలిపేస్తారనీ చెప్పారు. చక్రాల కుర్చీలో వచ్చే చిలకమ్మ ఆ గెడ్డ నీళ్ళు ఎలా దాటుతుంది? ఆ పిల్లంటే మాణిక్యాంబకి ప్రాణం.

“ఒసే నూకాలూ, చిలకమ్మకి చక్రాలున్నాయి. మిగతా పదకొండు మందికీ లేవు. ఎంత అన్యాయమే!”

“మరేనమ్మా! పాపం, ఇన్నాళ్ళూ నడిచే వస్తన్నారు.”

ఇంకేముంది, వడ్రంగి వచ్చి పదకొండు పీటల కింద బేరింగు చక్రాలు కొట్టాడు. చిలకమ్మకి వాలుదారి, మిగతావాళ్ళకి మెట్లు ఉండడం తప్పని మెట్లు పగలగొట్టించారు. తమకీ చెరో పీట చేయించుకున్నారు. మేడం ఏం పాపం చేసిందని ఆమెకీ ఒకటి.

“నా కుర్చీకి బ్రేకుంది టీచర్‌గారూ, మరి వీటికో?” అంది చిలకమ్మ.

“చక్రాలు తిరగడానికే కదమ్మా! ఆపడానికి ఎవరైనా పెడతారా?”

పంద్రాగస్టు రానే వచ్చింది. జెండా ఎగిరింది. వరండా మీద మేడంతో సహా అందరూ పీటలెక్కి నిటారుగా నిలబడి పాట ఎత్తుకున్నారు. అంతే! పీటలు కదిలాయి. పిల్లలు టపటపా దూకేశారు, వాళ్ళకి శిక్షణ లేదు మరి. శిక్షణ పొందిన ముగ్గురూ బిగుసుకుపోయి, పాట ఆపకుండా వాలుదారిలో జారిపోతున్నారు. ఎదురుగా పిల్లలకని వచ్చిన కోడిగుడ్ల అట్టలు!

“దిగండీ!” అని అరిచింది చిలకమ్మ.

మేడం దిగింది. మిగతా ఇద్దరూ కదలకుండా వెళ్ళి గుడ్లలో పడ్డారు. పిల్లలు చిలకమ్మ కుర్చీ చుట్టూ చేరి పాట చివరిదాకా పాడారు.

పచ్చసొన మొహం మీద కారుతుంటే మాణిక్యాంబ బావురుమంది. “నా తెలివి తగలెయ్య! చేజేతులా పిల్లల బడి పోగొట్టానమ్మా!”

మేడం పడీపడీ నవ్వింది. “పిల్లలు చక్కగా ఉన్నారు, కేంద్రం ఎక్కడికీ పోదు. మీరిద్దరే ఆ చిలకమ్మని చూసి నేర్చుకోండి.”

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ చిలకమ్మ ఎదురుగా చాప వేసుకు కూర్చున్నారు. రెప్ప వెయ్యకుండా చూస్తున్నారు. గంట గడిచింది.

“టీచర్‌గారూ, పొయ్యి మీద అన్నం మాడిపోతోంది!” అంది చిలకమ్మ.

“మాడనీ తల్లీ,” అంది మాణిక్యాంబ, కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నా చూపు తిప్పకుండా. “అటు చూశానంటే నేర్చుకున్నదంతా పోతుంది.”