పిడికెడు సంఘానికి సన్మానం

కళ్ళం పక్కన గడ్డివాము, దాని పక్కన గొడ్లసావిడి, సావిడి దాటితే చెరుకుతోట. ఆ సావిడిలో ఆడవాళ్ళంతా కలిసి పెట్టుకున్నదే పిడికెడు సంఘం. కోళ్ళకూ గేదెలకూ పిడికిళ్ళెక్కడివని మాత్రం అడక్కండి. ఎవరైనా సరే, తమ తిండి ముట్టే ముందు ముక్కుకు పట్టినంతో నోటికి అందినంతో తీసి మూలనున్న పగిలిన గోలెంలో వెయ్యాలి.

ఆ ఏడు వచ్చిన గాలివానకు తల్లులు పోయిన పిల్లలు చాలా మిగిలాయి. గోలెంలో పడేదంతా వాటికే. కాపలా కుక్క కూడా ఆ గాలివానలోనే పోతే, దాని కూనకు గడ్డాల మేక పాలిచ్చి పెంచుతోంది.

సంఘంలో ఇంకో కట్టుబాటుంది. అది చుక్కలకోడి పట్టుబట్టి పెట్టించింది. కన్నపిల్లలూ చేరదీసిన పిల్లలూ ఒకే బంతిలో తినాలి. ఎవరు ఏ పిల్లో పొరపాటున కూడా పైకి అనకూడదు.

"తిండి పెట్టి ఆ మాటొకటి అంటే, తిన్నది వంటబడుతుందా అక్కా?" అనేది కోడి.

చిట్టిముక్కు అని ఓ కుంటి కోడిపిల్ల ఉంది. పగలు చుక్కలకోడి రెక్క కింద, పడుకునేటప్పుడు కొమ్ముల గేదె పొట్ట పక్కన. తనకు ఇద్దరమ్మలనీ, అందులో ఒకమ్మ మరీ పెద్దదనీ అది అనుకునేది. అందరికన్నా ఆ పిల్లంటేనే చుక్కలకోడికి ప్రాణం.

ఒకరోజు మధ్యాహ్నం జంబూకయ్య అనే నక్క వచ్చింది. నుదుట విభూతి, తలవంచుకున్న నడక.

"అమ్మల్లారా, నేను మాంసం మానేశాను. సీతాఫలాలు తప్ప ముట్టను."

"ఏం బావా, పళ్ళు ఊడాయా?" అంది కోడి.

"వేళాకోళాలు వద్దు మరదలా. మీ సేవ గురించి విని కళ్ళు చెమర్చాయి. ఇంత చేస్తున్నారే, ఏనాడైనా మీ మెడలో ఓ దండ పడిందా?"

గేదె ఆలోచించింది. "కట్టేసే పలుపుతాడు తప్ప ఏమీ పడలేదయ్యా."

"చూశారా! రేపే మీకు సన్మానం. చెరుకుతోట గట్టున వేదిక కట్టిస్తాను. తలా ఒక శాలువా!"

శాలువా అనగానే మేక గడ్డం సవరించుకుంది. గేదె తోకతో ఈగలు తోలుకోవడం మానేసింది. మనలో మాట, చుక్కలకోడి మనసు కూడా ఒక్క గడియ ఊగింది. శాలువా అంటే ఆశ లేనిదెవరికి?

"కాకపోతే చిన్న పద్ధతుంది" అంది నక్క. "తల్లిలేని పిల్లల్ని విడిగా ఓ వరసలో నిలబెట్టాలి. ఎవరికి మేలు జరిగిందో నలుగురికీ కనబడొద్దూ?"

కోడికి ఒళ్ళు మండింది. "మా దగ్గర వరసలు విడదీయరు బావా."

"అడగందే అమ్మయినా పెట్టదంటారు. నలుగురికీ చూపిస్తేనే కదా నలుగురూ ఇచ్చేది!"

"అదీ నిజమే" అంది మేక. "ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి. ఒక్క పూట నిలబెడితే పిల్లలేం అరిగిపోరులే, చెల్లీ."

కోడి మాట ఎవరూ వినలేదు. పిల్లల్ని వదిలిపెట్టడానికి మనసొప్పక మర్నాడు అదీ వెళ్ళింది.

నక్క లెక్క వేరే ఉంది. తల్లి ఉన్న పిల్లను ముట్టుకుంటే కొమ్ములూ గిట్టలూ ముక్కులూ మీద పడతాయి. తల్లిలేనిదైతే అడిగేదెవరు? కాబట్టి ఏవి ఏవో ముందు తెలియాలి. సావిడిలో అందరూ కలిసే తింటుంటే ఎంత చూసినా తెలియడం లేదు, పాపం.

గట్టు మీద సంఘాన్ని కూర్చోబెట్టి శాలువాలు కప్పింది. శాలువాలంటే పాత గోనెసంచులే. కోడికి రెక్కలు కదలకుండా చుట్టి ముడేసింది. మేకకు ముందుకాళ్ళు కలిపి కట్టింది. గేదె సంచి కొమ్ముల మీదుగా కళ్ళ మీదికి జారింది.

"బిగుతుగా ఉంది బావా" అంది కోడి.

"సన్మానమంటే కాస్త బిగుతుగానే ఉంటుంది మరదలా."

ముడి రెండోసారి బిగిసేసరికి కోడికి అంతా అర్థమైంది. కింద పిల్లలన్నీ గుంపుగా ఉన్నాయి. చిట్టిముక్కు అన్నిటికన్నా వెనక, ఒంటికాలి మీద నిలబడి అమ్మల సోకు చూసి మురిసిపోతోంది.

"ఇప్పుడు చెప్పండి. వీళ్ళలో తల్లిలేని వాళ్ళెవరు?" అంది నక్క, చొంగ మింగుకుంటూ.

మేక నోరు తెరవబోయింది. కోడి అందుకుంది.

"ఉండక్కా, మనమెందుకు చెప్పడం? పిల్లలనే అడుగుదాం. ఒరేయ్ పిల్లలూ! అమ్మ లేని వాళ్ళు నక్క మావయ్య దగ్గర నిలబడండి. అమ్మ ఉన్నవాళ్ళు మీమీ అమ్మల దగ్గరికి పరుగెత్తండి!"

ఒక్క పిల్ల కూడా నక్క వైపు నడవలేదు. అంతా గట్టు మీదికే పరుగు! కుక్కకూన ఉరికొచ్చి మేక ఒళ్ళో పడి, దాని కాళ్ళ ముడి కొరకడం మొదలెట్టింది. బాతుపిల్లలు కోడిని చుట్టేశాయి. తల్లిలేని వరసలో గడ్డిపరక తప్ప ఏమీ లేదు.

నక్క ఓర్పు అంతటితో సరి. ఇంకా కుంటుకుంటూ వస్తున్న చిట్టిముక్కును చటుక్కున నోట కరుచుకుంది.

"అమ్మా!" అని కేక పెట్టింది చిట్టిముక్కు.

ఆ కేకకు ఏ అమ్మ ఆగుతుంది? కూన కొరికిన ముడి మేక కాళ్ళ నుంచి ఊడింది. కోడి గోనెతో సహా దొర్లుకుంటూ గట్టు దిగింది. కళ్ళకు సంచి అడ్డున్నా కొమ్ముల గేదె కేక వినబడిన వైపు దూకింది, గిట్ట తిన్నగా నక్క తోక మీద పడింది. నక్క "కుయ్యో" మని నోరు తెరిచింది. చిట్టిముక్కు జారి గడ్డిలో పడింది. ఆ తర్వాత కొమ్ము, దాని తర్వాత మేక తల, ఆపైన కోడి ముక్కు. సన్మానానికి ఏ లోటూ జరగలేదు.

నక్క తోక తొక్కితే అదృష్టమంటారు. తొక్కింది గేదె, అదృష్టం చిట్టిముక్కుది. జంబూకయ్య చెరుకుతోట అవతల పడేదాకా వెనక్కి చూడలేదు.

మేక తల వంచుకుని వచ్చింది. "శాలువాకు పడిపోయానే చెల్లీ."

"నాకు మాత్రం ఆశ లేదా అక్కా?" అంది కోడి, చిట్టిముక్కును రెక్క కిందికి లాక్కుంటూ. "ఆ గోనెలు పారెయ్యకండి. చలికాలం పిల్లల కింద పరుద్దాం."

అలాగే పరిచారు. మరుసటి ఏటికి చిట్టిముక్కు పెట్టయింది. మొదటిసారి తన వాటా గింజలు వచ్చినప్పుడు, కుంటుకుంటూ వెళ్ళి ముందు ముక్కెడు గోలెంలో వేసి వచ్చి, అప్పుడు తినడం మొదలుపెట్టింది. ఎవరూ చెప్పలేదు. చుక్కలకోడి అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

నీతి: అమ్మలంతా ఒక్కటైన చోట అనాథ అనే పిల్ల ఉండదు.