బరువులమ్మ తల్లి మెడ వాలిన కథ

గెడ్డవలసలో బస్సు దిగి, ఊరి వాగైన గెడ్డ గట్టు వెంట తూర్పుగా నడిచి వచ్చే భక్తులకు మొదట గోపురం కనబడదు. కాడ విరిగిన గొడుగులు, మూత పోయిన కుక్కర్లు, కుక్కరు పోయిన మూతలు, ఒంటి చెప్పులు, పిల్లలు పెద్దవాళ్ళై మీసాలు వచ్చాక కూడా దాచిన నడకబండ్లు పేర్చి ఉన్న ఒక పొడవాటి అరుగు కనబడుతుంది. కొత్తవారు దానిని పంచాయతీ చెత్తకుప్ప అనుకొని ముక్కు మూసుకుంటారు. అది బరువులమ్మ తల్లి కానుకల అరుగు.

అరుగు వెనుక ఉన్న ఒంటిగది పెంకుటిల్లే గుడి. లోపల ఒక పీట, ఒక దీపం, అమ్మవారు. అంతే. గంట కూడా లేదు. మూరెడు ఎత్తున్న కొయ్య విగ్రహం నూనె తాగి తాగి నల్లబడింది. కుడిచేయి పైకెత్తి ఉంటుంది. మెడ ఎడమ భుజం మీదికి వాలి ఉంటుంది. శిల్పికి కొలత తప్పిందని పట్నం నుంచి వచ్చినవారు గుమ్మంలోనే తేల్చి చెబుతారు. పట్నంవారికి అన్నీ తెలుసు కనుక ఊరివారు తలలూపి ఊరుకుంటారు. మెడ వాలడానికి కారణం ఆ గుమ్మం పక్కనే ఉన్న తిరగలి పై రాయి.

పూర్వం ఇక్కడ గుడి లేదు. గెడ్డకు వరద వచ్చిన ఒక ఏడు, గొర్రెలు కాసుకునే బంగారయ్య నీటిలో కొట్టుకొచ్చిన మొద్దు ఒకటి పొయ్యిలోకి పనికొస్తుందని ఒడ్డుకు లాగాడు. గొడ్డలి ఎత్తేసరికి మొద్దుకు ముఖం కనబడింది. గొడ్డలి అక్కడే వదిలేసి ఊళ్ళోకి పరుగెత్తాడు. ఆ రోజే అతనికి అమ్మ కలలో కనబడి, “నన్ను గుడిలో పెట్టి తాళం వేయకండి. ఏడాదికొక ఇంట్లో ఉంటాను. ముందుగదిలో ఈశాన్యం మూల ఒక పీట, ఒక దీపం చాలు” అని ఆనతిచ్చింది. గుడి కట్టే శ్రమ తప్పినందుకు ఊరంతా అమితమైన భక్తితో ఒప్పుకుంది.

నాటి నుంచి అమ్మ వంతుల వారీగా ఇల్లిల్లూ తిరిగేది. జాతర రోజున అమ్మ ఉన్న ఇంటివైపు డప్పులు బయలుదేరేవి. మొదటి డప్పు వీధి మొదట్లో, రెండవది వీధి నడుమ, మూడవది గుమ్మం ముందు. మూడో డప్పుకు అమ్మ గడప దాటి రావాలి. రాకపోతే ఆ ఏడు ఊళ్ళో పసిపిల్లలకు ఊపిరి నిలవదని కట్టు.

ఒక ఏడు వంతు అప్పలనర్సమ్మ ఇంటికి వచ్చింది.

అప్పలనర్సమ్మ మంచిది. ఊళ్ళో ఎవరిని అడిగినా ఆ మాటే చెబుతారు. చెప్పి, కాస్త ఆగి, “కానీ” అంటారు. ఆమె దేనినీ పారేయలేదు. అడుగు పోయిన కుండ, అల్లిక ఊడిన చేట, మూర కన్నా పొట్టి తాడు, ఏదైనా సరే, “ఎప్పటికైనా పనికొత్తాది” అని లోపల పెట్టేది. ఆమె భర్త పేరు సన్యాసి. ఇంట్లో నడవాలంటే పక్కకు తిరిగి, పొట్ట బిగబట్టి నడిచేవాడు. ఊరివారికి ఆ ఇల్లు ఎంతో సదుపాయంగా ఉండేది. పారేయడానికి చేతులు రాని ప్రతి వస్తువునూ “నీకు పనికొత్తాదని తెచ్చేను నర్సమ్మా” అంటూ ఆమె గుమ్మంలో పెట్టి, తేలికైన గుండెతో వెళ్ళిపోయేవారు. తరువాత గెడ్డ దగ్గర చేరి ఆమె ఇంటి ఇరుకు గురించి నవ్వుకునేవారు.

అమ్మను ఆమె శ్రద్ధగానే ఈశాన్యం మూల పీట మీద కూర్చోబెట్టింది. వానలు పట్టాక చోళ్ళ గింజల బస్తాలు తడుస్తాయని, రెండు రోజులే కదా అని, అమ్మను తీసి జాగ్రత్తగా ఒకచోట పెట్టి ఆ మూలను బస్తాలతో నింపింది. బస్తాల మీదికి గంపలు వచ్చాయి. గంపల మీదికి గోనెలు వచ్చాయి. దీపం మాత్రం ఒక్కరోజు కూడా మానలేదు. ఆ గుట్ట ముందే వెలిగించి దండం పెట్టుకునేది. అమ్మ దాని వెనుకనే ఉందని ఆమెకు నిజంగానే అనిపించసాగింది.

జాతర వారం దగ్గరపడింది. అమ్మకు నూనె పట్టించాలని అప్పలనర్సమ్మ మూలలో బస్తాలు జరిపింది. పీట ఉంది. అమ్మ లేదు.

జాగ్రత్తగా పెట్టిన సంగతి అప్పుడు గుర్తుకొచ్చింది. ఎక్కడ పెట్టిందో గుర్తుకు రాలేదు. బస్తా మీద కూలబడింది. దూలానికి కట్టిన ఉయ్యాలలో ఆమె పసిగుంట దగ్గింది. పిల్లకు ఆ దగ్గు కొన్నాళ్ళుగా ఉంది. తల్లికి మూడో డప్పు కట్టు గుర్తుకొచ్చింది.

ఎవరికీ చెప్పలేదు. పొయ్యి మీద అన్నం మాడుతున్నా వెదికింది. గంపల్లో చెయ్యి పెట్టింది, కుండల్లో తొంగి చూసింది. ఒకటి తీసి ఇంకొకదాని మీద పెట్టింది, దానిని తీసి మొదటిదాని మీద పెట్టింది. సాయంత్రానికి ఇంట్లో ప్రతి గంపా, ప్రతి కుండా చోటు మారింది, చోటు మాత్రం ఏర్పడలేదు.

పక్కింటి రాములమ్మ నిప్పు కోసం వచ్చింది. ఆమె పొయ్యి తరచూ ఆరిపోయేది, ముఖ్యంగా పక్కింట్లో చప్పుడు వినబడినప్పుడు.

“ఏటొదినా, ఏటి ఎతుకుతున్నావు?”

“ఏటీ నేదు. ఎలక దూరింది.”

“ఎలకా? నీ ఇంట్లోకా? పాపం, దానికి దారి దొరికిందా?”

రాములమ్మ నిప్పు మరిచిపోయి వెళ్ళింది. అప్పలనర్సమ్మ ఇంట్లో ఏదో పోయిందని ఆ పూటే ఊరంతటికీ తెలిసింది. ఏమి పోయిందో తెలియక ఊరు నిద్రపోలేదు.

మరుసటి మధ్యాహ్నం పిల్లను ఊపుతూ అప్పలనర్సమ్మ ఒక కునుకు తీసింది. కలలో అమ్మ కనబడింది. మెడ పక్కకు వాలి ఉంది.

“నాకు ఊపిరాడతం నేదే నర్సీ. సేతులు లాగేత్తన్నాయి.”

“ఎక్కడున్నావు తల్లీ? ఒక్క మాట సెప్పు!”

“పెట్టినదానివి నువ్వు. నన్నడుగుతావేటి? ఒక్కొక్కటీ బయటెట్టు. గడప దాటినది మళ్ళీ లోపలికి రాకూడదు. వచ్చిందా, నేను మోయనేను.”

ఉలిక్కిపడి లేచింది. పిల్ల దగ్గుతోంది. పైన దూలం కిర్రుమంది.

ఇక దాచలేక మొగుడికి చెప్పేసింది. “ఊరికి తెలిస్తే మనల్ని ఎలేస్తారు” అని ఆమె ఏడ్చింది. సన్యాసి పంచె బిగించి, “ఎలేస్తే ఈ సామానంతా ఎవుడు మోస్తాడు? ముందు దీన్నే ఎలేద్దాం, పట్టు” అన్నాడు.

కుండలు బయటికి వచ్చాయి. గోనెలు వచ్చాయి. వీధిలో గుట్ట పెరుగుతుంటే ఊరు గుంపుగా వచ్చి నిలబడింది. సాయం పట్టడానికి కాదు, చూడడానికి. ఒక చెంబు బయటికి వెళ్ళాక అప్పలనర్సమ్మకు ప్రాణం ఒప్పలేదు. ఎవరూ చూడకుండా కొంగులో పెట్టుకొని లోపలికి తెచ్చింది. గడప దాటగానే దూలం కిర్రుమని, ఉయ్యాల ఒక జాన కిందికి దిగింది. చెంబును వీధిలోకి విసిరింది. అది సూటిగా రాములమ్మ కాళ్ళ దగ్గర పడింది. “ఇది నాదే!” అని రాములమ్మ సంతోషించి, “పోన్లే, నువ్వే ఉంచుకో వదినా, మా ఇంట్లో చోటు నేదు” అంది.

జాతర రోజు వచ్చేసరికి గదిలో గాదె, దాని చుట్టూ దూలం దాకా చిరిగిన బొంతల కుప్ప, పైన అటక మిగిలాయి. అమ్మ జాడ లేదు. వీధి మొదట్లో మొదటి డప్పు మోగింది.

సన్యాసి నిచ్చెన వేసి అటక మీది కట్టెలు, పీటలు అందించాడు. చివరకు ఒక్కటే మిగిలింది. అది తిరగలి పై రాయి. అప్పలనర్సమ్మ తల్లి సారెగా ఇచ్చినది. అడుగు రాయి ఎప్పుడో పగిలిపోయింది. పై రాయి ఒక్కటితో గింజ కూడా నలగదు. అయినా తల్లి పట్టుకొని తిప్పిన పిడి అరిగి నున్నగా ఉంది. ఆమె తల్లి పోయి చాలా కాలమైంది.

“దీన్ని ఉండనీ మావా. ఇదొక్కటీ.”

రెండవ డప్పు మోగింది. ఉయ్యాలలో పిల్లకు దగ్గు తెర ఆగక ముఖం నల్లబడింది. ఆమె పైకి చూసింది. దుమ్ము పోయాక మొదటిసారిగా దూలం స్పష్టంగా కనబడింది. సరిగ్గా ఆ రాయి కింద, ఉయ్యాల తాడు కట్టిన చోట, నిలువునా పగిలి ఉంది. పడిపోకుండా ఎందుకు ఆగిందో ఆమెకు అర్థం కాలేదు.

ముందు పిల్లను ఎత్తి వీధిలో ఉన్న రాములమ్మ చేతుల్లో పెట్టి, తానే నిచ్చెన ఎక్కింది. పిడి మీద ఒకసారి చెయ్యి వేసింది. “అమ్మా, సాలు” అని రాయిని మొగుడి భుజానికి అందించింది. ఆ మాట ఏ అమ్మతో అన్నదో ఆమె ఎన్నడూ చెప్పలేదు.

బరువు దిగగానే బొంతల కుప్ప జారిపడింది. గాదె మూత మీద అమ్మ నిలబడి ఉంది. రెండు రోజులకని అక్కడే పెట్టింది ఆమె. విరిగిన దూలాన్ని కుడిచేత్తో ఆపి, మెడకు ఆనించుకొని, ఇన్నాళ్ళూ అటకనంతా మోస్తూ ఉంది.

మూడవ డప్పు గుమ్మం ముందు మోగేసరికి అప్పలనర్సమ్మ అమ్మను ఎత్తుకొని గడప దాటింది.

ఊరిపెద్ద తవిటినాయుడు వాలిన మెడ చూసి మండిపడ్డాడు. “ఏటి సేసేవే అమ్మని! మెడ ఇరిసీసేవా!”

“నాను పేర్సిన బరువు ఆయమ్మ మోసింది బాబూ. నన్ను ఏటి సేస్తారో సెయ్యండి. పిల్ల బతికింది.”

నిజమే. వీధి గాలి తగలగానే పిల్ల రాములమ్మ చంకలో దగ్గు మాని, ఆమె ముక్కుపుడక పీకుతోంది.

వెలి సంగతి తరువాత చూద్దామని నాయుడు అమ్మను తన ఇంటికి నడిపించమన్నాడు. వచ్చే ఏటి వంతు ఆయనది. నలుగురు ఎత్తారు. ఆయన ఇల్లు దగ్గరయ్యేకొద్దీ అమ్మ బరువెక్కింది. గుమ్మం ముందుకు వచ్చేసరికి నలుగురి మోకాళ్ళూ నేలకు తగిలాయి. మూసిన తలుపు వెనుక నాయుడి భార్య ఏవో పెట్టెలు ఈడుస్తున్న చప్పుడు అందరికీ వినబడింది. నాయుడికి వినబడలేదు. పక్క ఇంటికి తిప్పారు, అక్కడా అంతే. రాములమ్మ ఇంటివైపు తిప్పబోతే, “మా ఇంట్లో పొయ్యి ఆరిపోయింది” అని ఆమె అడ్డుపడింది. ఏ ఇంటివైపు తిప్పినా అమ్మ కదలలేదు. ఆ ఇంటివారు మాత్రం చెమటలు కక్కారు. చివరకు అప్పలనర్సమ్మ బోసి ఇంటివైపు తిప్పగానే అమ్మ దూదిలా తేలిపోయింది.

అమ్మకు ఆ ఇల్లే గుడి కావాలని ఊరంతా ఏకమాటగా తీర్మానించింది. గెడ్డవలస ఏకమాటగా తీర్మానించినది అదొక్కటే. అమ్మ తమ ఇళ్ళలోకి ఇక రాదన్న ఊరట అలాంటిది. వెలి మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే వీధిలో పడి ఉన్న సామాను ఎవరెవరిదో అప్పలనర్సమ్మ చెబుతుందని భయం.

ఆమె సంసారం పక్కనున్న పశువుల సాలలోకి మారింది. రెండు కుండలు, ఒక చాప, ఉయ్యాల తీసుకెళ్ళింది. మొదట్లో ఏదో మరిచిపోయినట్లు చేతులు తడుముకునేది. తరువాత ఆ అలవాటు పోయింది. మధ్యాహ్నం పూట కాళ్ళు బారజాపి కూర్చొని పాడుకునేదట. ఆమె గొంతు అంత బాగుంటుందని సన్యాసికి అప్పుడే తెలిసింది. అంతకుముందు ఇంట్లో గొంతుకు కూడా చోటు లేదు.

నేటికీ ఆమె వంశంలోని ఆడపడుచులే అమ్మకు దీపం పెడతారు. భక్తులు ఇంటి నుంచి “ఎప్పటికైనా పనికొస్తుంది” అని దాచిన వస్తువు ఒకటి తెచ్చి, తిరగలి రాయిని తాకి, అరుగు మీద పెడతారు. అవసరమున్నవారు ఎవరైనా దానిని తీసుకోవచ్చు, తెచ్చినవారు మాత్రం ముట్టరాదు. ఎదుటివారి వస్తువులు తెస్తే ఫలం లేదు. ఈ సంగతి అత్తగార్లకు, కోడళ్ళకు విడివిడిగా చెప్పవలసి వస్తోంది. ప్రసాదం అక్కడే తినాలి, మూట కట్టరాదు. దాతలు పేర్లు చెక్కించి ఇచ్చిన ఫ్యాన్లను గుడి కమిటీవారు తమ గదిలో భద్రపరిచారు. ఆ గది తలుపు ఇప్పుడు పూర్తిగా తెరుచుకోదు.

జాతర రోజున అమ్మ ప్రతి ఇంటి ముందు ఆగుతుంది. ఆ ఇంటి తలుపులు బార్లా తెరిచి ఉంచాలి. వాలిన మెడతో అమ్మ లోపలికి తొంగి చూస్తుంది. ఆ కాసేపూ ఇంటివారు ఊపిరి బిగబట్టి, మోసేవారి మోకాళ్ళవంకే చూస్తారు. మోకాలు వంగకుండా అమ్మ ముందుకు సాగిన ఇంట పసిపిల్లలకు దగ్గు, ఆయాసం ఉండవని, పెద్దలకు మంచి నిద్ర పడుతుందని నమ్మకం. అందుకే జాతర ముందు వారం గెడ్డవలసలో ఎవరి ఇంటికి వెళ్ళినా పలకరింపు ఉండదు. అందరూ అటకల మీద ఉంటారు.

భక్తులకు చివరి మనవి. గుడి దాటి గట్టెక్కగానే ఏదో మరిచిపోయామన్న గుబులు అందరికీ కలుగుతుంది. వెనుదిరగవద్దు. మీరు వదిలిన బరువు తగ్గి, మీ వెనుక అమ్మ ఎత్తిన చెయ్యి దించుకుంటోంది.