సగం తోక బొమ్మ

కొండవాలు పొడుగునా తెల్ల పొణుకు చెట్లే ఉండడం వల్ల ఆ అడవికి పొణుకుల కోన అని పేరు వచ్చింది. పొణుకు కర్ర దూదిలా తేలిక, వెన్నలా మెత్తన. ఆ కోనలో ఉడుతలు, కోతులు, కుందేళ్ళు, దుప్పులు, ఒళ్ళంతా ముళ్ళున్న ఏదుపందులు, ఇంకా ఎన్నో పక్షులు కలిసి బతుకుతుండేవి.

మూడేళ్ళ కిందట తురాయి అనే వడ్రంగి పిట్ట ఆ కోనకు వలస వచ్చింది. పొణుకు కర్ర చూడగానే దాని ముక్కు ఊరుకోలేదు. టకటకా చెక్కి బొమ్మలు చెయ్యడం మొదలుపెట్టింది. చేసినవన్నీ ఆ కోనలో పుట్టిన వీరుల బొమ్మలే. వరదలో పిల్లల్ని వీపున మోసి గట్టెక్కించిన తాబేలు, వేటగాడి ఉచ్చును కొమ్ములతో పెకలించిన దుప్పి, కరువులో నీటి జాడ కనిపెట్టిన ఏనుగు, ఇలా ఎనిమిది బొమ్మలు. దోసెడు చారపప్పు ఇస్తే చాలు, ఎవరికైనా బొమ్మ దొరికేది.

ఆ బొమ్మలంటే పొగడ అనే ఉడుతకు ప్రాణం. ఎనిమిదీ సంపాదించి తన తొర్రలో వరసగా పేర్చుకుంది. పొద్దున్నే లేచి తోకతో వాటి దుమ్ము దులిపాకే ఇంకో పని.

ఒకరోజు వడ్రంగి పిట్ట తొమ్మిదో బొమ్మ మొదలుపెట్టిందని తెలిసింది. అది ఎవరి బొమ్మో విని పొగడ ఎగిరి గంతేసింది. అది తన అమ్మమ్మ గురివింద బొమ్మ!

పొగడ పుట్టకముందు కోనకు కార్చిచ్చు అంటుకుంది. తెల్లవారుజామున అందరూ ఆదమరచి నిద్రపోతున్నారు. గురివింద ఒక్కతే చెట్టు చెట్టుకూ దూకి, తొర్ర తొర్రలో తలపెట్టి, "లేవండి! లేవండి!" అని అరిచి అడవినంతా నిద్ర లేపింది. ఆ రోజు కోనలో ఒక్క ప్రాణం కూడా పోలేదు. అమ్మమ్మ పోయి మూడేళ్ళు కావస్తోంది. అయినా ఆ మాట ఎత్తితే చాలు, పొగడకు కళ్ళు చెమ్మగిల్లేవి.

"ఆ బొమ్మ నా తొర్రలో ఉంటే అమ్మమ్మ మళ్ళీ ఇంటికొచ్చినట్టే" అనుకుంది పొగడ.

కానీ ఈసారి బొమ్మ వడ్రంగి పిట్ట దగ్గర దొరకలేదు. నీలకంఠం అనే నెమలి వాగు ఒడ్డున కొత్తగా అంగడి పెట్టింది. తొమ్మిదో బొమ్మ తన అంగడిలో తప్ప ఎక్కడా ఇవ్వకూడదని వడ్రంగి పిట్ట దగ్గర ముందే మాట తీసుకుంది. అది కూడా విడతకు ఇరవై చొప్పున నాలుగు విడతలే.

నీలకంఠానికి చారపప్పు మీద కన్నా గుంపు మీద మోజెక్కువ. అంగడి ముందు జనం మూగితే చాలు, పింఛం విప్పి గిరగిరా తిరిగేది. "చూశారా! నా వాకిట్లో ఇసుక వేస్తే రాలదు!" అని మురిసిపోయేది.

మొదటి విడతకు పొగడ కోడికూత కన్నా ముందే బయలుదేరింది. కాళ్ళకు చక్రాలు కట్టుకున్నట్టు పరుగెత్తింది. తీరా వెళ్ళేసరికి అంగడి ముందు ఇరవై కోతులు వరసలో కూర్చుని ఒకదాని తలలో ఒకటి పేలు చూసుకుంటున్నాయి. ఇరవై ఒకటోది పొగడ. దాని వెనక ఏదు బాబాయి, చుట్టూ ముగ్గురు పిల్లలు.

నెమలి అంగడి తలుపు తీసింది. కోతులు తలా ఒక బొమ్మ తీసుకున్నాయి. తీసుకున్నవి తీసుకున్నట్టే వెళ్ళి గెంతులు అనే పెద్దకోతి ఒళ్ళో పడేశాయి. అవన్నీ దాని చుట్టాలేనని అప్పుడు తెలిసింది.

"ఇదేం న్యాయం నీలకంఠం గారూ? బొమ్మలన్నీ ఒక్కడికే పోయాయి!" అంది పొగడ.

"ఒక్కొక్కరికి ఒక్కటే అన్నాను. ఒక్కొక్కరికి ఒక్కటే ఇచ్చాను. ఆ తరవాత ఎవరు ఎవరికిచ్చుకుంటే నాకేం?" అంది నెమలి, మెడ సాగదీసి.

రెండో విడత వాగు అవతల ఉన్న తన రెండో అంగడిలో ఇస్తామని నెమలి చాటింపు వేసింది. పొగడ వాగు దాటి వెళ్ళింది. "ఇక్కడ కాదు, మొదటి అంగడికి మార్చారు" అన్నారు అక్కడ. పొగడ మళ్ళీ వాగు దాటి ఇవతలికి పరుగెత్తింది. "అయ్యో, ఇప్పుడే అయిపోయాయి! నువ్వు ఒక్క క్షణం ముందు రావలసింది!" అన్నారు ఇక్కడ. తడిసిన తోక పిండుకుంటూ పొగడ ఉసూరుమంటూ ఇంటికొచ్చింది.

మూడో విడతకు వరస లేదు, పరుగు లేదు. నెమలి కాలి ముద్ర వేసిన మోదుగాకు ఎవరి దగ్గరుంటే వాళ్ళకే బొమ్మ అన్నారు. పొగడ మూడు రోజులు తిరిగి ఆ ఆకు సంపాదించింది. ఏదు బాబాయికి కూడా ఒకటి దొరికింది. ఇద్దరూ ఆకులు పట్టుకుని నవ్వుకుంటూ అంగడికి వెళ్ళారు.

నెమలి ఆ ఆకులు చూసి తాపీగా అంది. "ముద్రలు నలభై వేశాం. బొమ్మలు ఇరవయ్యే వచ్చాయి. ముందొచ్చినవాళ్ళు పట్టుకెళ్ళారు. ఆకు మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి, గుర్తుగా ఉంటుంది."

ఏదు బాబాయికి ఒళ్ళు మండి ముళ్ళన్నీ ఒక్కసారిగా నిక్కబొడుచుకున్నాయి. పక్కన నిలబడ్డ కుందేలు ఆమడ దూరం ఎగిరి పడింది. అంత బాధలోనూ పొగడకు నవ్వాగలేదు. ఏదు బాబాయి కూడా నవ్వేసింది.

"పోనీలేవే పొగడా. పిల్లలకు ఏదో ఒకటి చెప్పుకుంటాను" అంది. కానీ పిల్లలు వాకిట్లో ఎదురు చూస్తుంటారని ఇద్దరికీ తెలుసు.

ఆ సాయంత్రమే గెంతులు పొగడను పిలిచింది. దాని చెట్టు తొర్రలో టేకాకులు చుట్టిన బొమ్మలు గుట్టగా ఉన్నాయి.

"ఒకటి ఇస్తాను. వానాకాలానికి నువ్వు దాచుకున్న గింజలన్నీ ఇచ్చెయ్" అంది కోతి.

"అన్నీనా? వానల్లో నేనేం తినాలి?"

"అది నీ ఇష్టం. దొరకని వస్తువుకు ధర ఇంతే మరి."

పొగడ కాసేపు తటపటాయించింది. గింజలు లేకపోతే పస్తులే. కానీ అమ్మమ్మ బొమ్మ చేతికందేంత దూరంలో ఉంది.

"ఒక్కసారి ఆకు విప్పి చూపించు" అంది.

"అమ్మో! ఆకు విప్పితే ధర సగానికి పడిపోతుంది. కొన్నాక కూడా విప్పకూడదు. ఇలాగే దాచుకోవాలి."

"మరి చూసుకోవడం ఎలా? ఆడుకోవడం ఎలా?"

"ఆడుకుంటావా?" కోతి కడుపు పట్టుకుని నవ్వింది. "బొమ్మలతో ఎవరైనా ఆడుకుంటారా, పిచ్చిదానా!"

టేకాకు ఒక మూల చిరిగి ఉంది. పొగడ ఆ చిరుగుకు కన్ను ఆనించి చూసింది. లోపల ఉడుత బొమ్మ ఉంది. చెవులు బాగున్నాయి. కాళ్ళు బాగున్నాయి. తోక మాత్రం కుచ్చులా, వీపు మీదుగా వంపు తిరిగి, నిండుగా ఉంది.

పొగడ ఇంకోసారి చూసింది. దానికి చిన్నప్పటి వానరాత్రులు గుర్తొచ్చాయి. అప్పుడు అమ్మమ్మ తోక కింద తలదాచుకుందామంటే చాలేది కాదు. కార్చిచ్చు రోజున ఆఖరి చెట్టు మీంచి దూకుతుంటే ఆ తోక సగం కాలిపోయింది. మిగిలిన సగం తోకనే మనవరాలి మీద కప్పి, "ఉన్నదే కప్పుకో తల్లీ" అనేది అమ్మమ్మ.

"ఇది మా అమ్మమ్మ కాదు" అంది పొగడ.

"ఏమిటీ?"

"మా అమ్మమ్మకు ఇంత తోక లేదు. నీ బొమ్మలు నువ్వే ఉంచుకో, గెంతులు మామా!"

నెల రోజులుగా గుండె మీద ఉన్న బరువు ఒక్కసారిగా దిగిపోయినట్టయింది పొగడకు. కొమ్మ మీంచి కొమ్మకు గెంతుకుంటూ వడ్రంగి పిట్ట దగ్గరికి వెళ్ళి సంగతంతా చెప్పింది.

వడ్రంగి పిట్ట చేస్తున్న పని ఆపేసింది. దాని ముఖం చిన్నబోయింది.

"నేను గురివిందమ్మను కళ్ళారా చూడలేదు. నేనొచ్చిన కొద్ది రోజులకే ఆవిడ పోయింది. నెమలి తొందర పెడితే, ఎవరినీ అడగకుండా విన్నది విన్నట్టు చెక్కేశాను. అసలు గుర్తే వదిలేశాను. చెయ్యి తిరిగిన పనివాడినని విర్రవీగాను!"

"మరి ఇప్పుడు సరిగ్గా చెయ్యవూ, మామా?"

"ఈ తొమ్మిదో బొమ్మ నీలకంఠానికి తప్ప ఇవ్వనని మాటిచ్చాను. సగం తోక బొమ్మ సంగతి ముందు దానికే చెప్పాలి. చాటుగా చెయ్యడం నాకు చేతకాదు."

ఇద్దరూ కలిసి నెమలి దగ్గరికి వెళ్ళారు. నెమలి వాళ్ళ మాట పూర్తిగా వినను కూడా లేదు.

"సగం తోకా? తోక తెగిన బొమ్మను ఎవరు కొంటారయ్యా! అందమంటే తోకలోనే ఉంది, నన్ను చూడు!" అని పింఛం విప్పి చూపించింది. "చేసుకో, ఎన్ని కావాలంటే అన్ని చేసుకో. ఆ అవకరం బొమ్మలు నా అంగడికి మాత్రం తేవద్దు."

తిరిగి వచ్చాక వడ్రంగి పిట్ట మంచి పొణుకు ముక్క ఒకటి ఏరి పట్టుకుంది. పొగడ పక్కన కూర్చుని చెవి ఎలా ఉండేదో, తోక ఎక్కడ ఆగిపోయేదో, నవ్వితే మీసాలు ఎలా కదిలేవో చెప్పింది. పొద్దు వాలేసరికి బొమ్మ తయారైంది. పొగడ దాన్ని రెండు చేతులా పట్టుకుని గుండెకు హత్తుకుంది.

"పొగడా, నీకో మాట చెప్పనా?" అంది వడ్రంగి పిట్ట. "నా వల్ల నువ్వు నానా అగచాట్లు పడ్డావు. నువ్వు సరేనంటే ఇలాంటి బొమ్మ ఇంకొకటి చెయ్యను. కోన మొత్తానికి ఒకే ఒక్కటి, అదీ నీ దగ్గరే."

పొగడ గుండె ఝల్లుమంది. కోన మొత్తానికి ఒక్కటే! అందరూ తన తొర్ర ముందు వరస కడతారు. గెంతులు కళ్ళల్లో నిప్పులు పోసుకుంటుంది. ఎంత బాగుంటుంది!

ఆ వరస ఊహించుకోగానే పొగడకు అందులో ఏదు బాబాయి కనిపించింది, పిల్లల్ని వెంటబెట్టుకుని, ఎండిపోయిన మోదుగాకు చేత పట్టుకుని.

"వద్దు మామా" అంది పొగడ. "మా అమ్మమ్మ ఆ రోజు ఒక్క తొర్ర దగ్గర ఆగలేదు. అన్ని తొర్రల్లోనూ తలపెట్టింది. ఎవరికి కావాలంటే వాళ్ళకు చేసిపెట్టు. నేను కూడా సాయం చేస్తాను. కొరకడానికి నాకూ పళ్ళున్నాయిగా!"

వడ్రంగి పిట్ట ముక్కు టకటకలాడించి నవ్వింది.

మర్నాడు పొగడ పెద్ద పొణుకు చెట్టు పైకొమ్మ ఎక్కి కేకేసింది. "సగం తోక గురివింద బొమ్మ! ఎవరికి కావాలంటే వాళ్ళు పొణుకు ముక్క ఒకటి, చారపప్పు దోసెడు తెచ్చుకోండి. ముందొచ్చినవాళ్ళకు ముందు, వెనకొచ్చినవాళ్ళకు వెనక. కానీ అందరికీ!"

ఆ చివరి మాటకు అడవి అడవంతా కదిలింది. కుందేళ్ళు వచ్చాయి, దుప్పులు వచ్చాయి, ముసలి తాబేలు రెండు రోజులు నడిచి వచ్చింది. ఇప్పుడు వరసలో తోపులాట లేదు. బొమ్మ అయిపోతుందన్న భయం లేకపోయేసరికి నిలబడ్డవాళ్ళంతా కబుర్లలో పడ్డారు. ఆనాడు గురివింద తమ ఇంట్లో ఎవరిని ఎలా లేపిందో ఒకరికొకరు చెప్పుకున్నారు. పొగడ ముక్కలను పళ్ళతో కొరికి చదును చేసి ఇస్తే, వడ్రంగి పిట్ట చెక్కేది. పనికి తగినట్టు పొగడ వాటా చారపప్పు దాని తొర్రలో నిండింది.

ఏదు బాబాయి పిల్లలు ముగ్గురూ మూడు బొమ్మలు పట్టుకుని "లేవండి! లేవండి!" అని అరుస్తూ చెట్ల మధ్య పరుగులు పెట్టారు. సాయంత్రానికి ఒక బొమ్మ చెవి విరిగింది. వాళ్ళ ఆట మాత్రం ఆగలేదు.

నాలుగో విడతకు నెమలి చాటింపు వేసింది. "ఇరవయ్యే! మళ్ళీ దొరకవు!" అంగడి ముందుకు ఒక్క ముసలి కాకి వచ్చింది. అదీ నీడ కోసం. రెండో రోజు నెమలి, "ఒకటి తీసుకుంటే ఒకటి ఉచితం" అంది. ఎవరూ రాలేదు. వానలు వెళ్ళేసరికి దాని పింఛంలో ఈకలు కూడా రాలిపోయాయి. ఖాళీ అంగట్లో నిండు తోకల బొమ్మలు పెట్టుకుని కూర్చుంది.

గెంతులు పని ఇంకా అధ్వాన్నం. దాచుకున్న పప్పంతా బొమ్మలకే పోసింది. ఇప్పుడు వాటిని పది దోసిళ్ళు కాదు కదా, ఒక్క దోసెడుకు కూడా అడిగే దిక్కు లేదు. అంతలో వానలు పట్టుకున్నాయి. విప్పకుండా దాచిన టేకాకుల కింద చెమ్మ చేరి, చెదలు పట్టి, గుట్టంతా పొడి పొడి అయింది. చుట్టాలు కూడా మొహం చాటేశారు. గెంతులు వానలన్నాళ్ళూ చిగురాకులు నమిలి కడుపు నింపుకుంది.

వాన వెలిసిన ఒక పొద్దున వడ్రంగి పిట్ట దగ్గర అందరూ వరస కట్టారు. అందరి వెనకా, తల వంచుకుని, ఒక పొణుకు ముక్క పట్టుకుని గెంతులు నిలబడి ఉంది. ముందున్నవాళ్ళు తిరిగి చూసి గుసగుసలాడారు. అది కదలలేదు. మధ్యాహ్నానికి దాని వంతు వచ్చింది.

వడ్రంగి పిట్ట పొగడ వైపు చూసింది. పొగడ చెయ్యి చాచి ఆ ముక్క అందుకుంది.

"పప్పు లేదు" అంది కోతి మెల్లగా. "పొణుకు ముక్కలు మోసుకొచ్చి పెడతాను."

"సరే. ఎన్ని బొమ్మలు కావాలి, గెంతులు మామా?" అని అడిగింది పొగడ.

"ఒక్కటి చాలు" అంది కోతి. "ఆడుకోవడానికి."

నీతి: అందరికీ అందకుండా దాచినవాడి గిరాకీ నాలుగు రోజులే, అందరికీ పంచినవాడి వాకిలి ఎప్పుడూ కళకళలాడుతుంది.