పీట మీంచి లేవని నూకాలమ్మ

ఊఁ కొడుతూ వింటేనే చెబుతా. అనగనగా గోదావరి నడుమ ఒక లంక ఊళ్ళో నూకాలమ్మ అనే మంత్రసాని ఉండేది. ఆవిడకొక నియమం. ఒక కడుపు మీద చెయ్యి వేసిందంటే, బిడ్డ పుట్టి, తల్లి లేచి తిరిగేదాకా ఆ మనిషిని వదిలేది కాదు.

ఆ ఊళ్ళో అచ్చియ్యమ్మ కోడలు వరహాలు నీళ్ళోసుకుంది. మూడో నెల నుంచే నూకాలమ్మ ప్రతి వారం వచ్చేది. పాదాలు వాచాయేమోనని నొక్కి చూసేది, కనురెప్ప లాగి చూసేది, కడుపు తడిమేది. మూడుసార్లు పడవెక్కించి అవతలి ఒడ్డున ఆస్పత్రిలో చూపించింది కూడా. అచ్చియ్యమ్మకి ఇదంతా వింత. నొప్పులొచ్చాక కబురు చేస్తాం, అప్పుడు వద్దువుగాని అంది. నూకాలమ్మ వినలేదు. మళ్ళీ వారం వచ్చి కూర్చుంది.

ఆ తర్వాత నెలలు నిండాయి. ఒకరోజు పొద్దున్నే నొప్పులు మొదలయ్యాయి. ఇల్లంతా హడావుడి. ఒకరు ముక్కమంటారు, ఒకరు పడుకోమంటారు. నూకాలమ్మ అందర్నీ బయటికి పంపి, వరహాలు నడుం పట్టుకుని గదిలోనే మెల్లగా నడిపించింది. మధ్యాహ్నానికి కెవ్వుమంటూ ఆడపిల్ల పుట్టింది.

అప్పుడు చూడాలి సంబరం! అందరూ బిడ్డని ఎత్తుకుని వసారాలోకి పరుగు. ముక్కు మాదంటే మాదని వాదన. పుట్టిన గడియ చెప్పడానికి ఒకరు పంతులుగారింటికి ఉరికారు. నూకాలమ్మ మాత్రం మంచం పక్కన పీట మీంచి లేవలేదు.

అచ్చియ్యమ్మ చేటలో బియ్యం, రవికల గుడ్డ తెచ్చింది. "బిడ్డ గట్టెక్కిందిగా నూకాలూ, ఇంకా ఎవరి కోసం కూర్చున్నావు?"

"తల్లి ఇంకా ఎక్కలేదు వదినా."

నిజమే. కాన్పయ్యాక గట్టిగా బంతిలా ఉండాల్సిన పొట్ట పిండిముద్దలా మెత్తగా ఉంది. రక్తం ఆగడం లేదు. వరహాలు ముఖం పాలిపోతోంది.

అప్పుడు నూకాలమ్మ వరహాలు మొగుణ్ణి అవతలి ఒడ్డు ఆస్పత్రిలో ఉండే నర్సమ్మ కోసం పడవ మీద తోలింది. బిడ్డని తెప్పించి తల్లి రొమ్ముకి పట్టించింది. తను పొట్ట రుద్దడం మొదలుపెట్టింది. రుద్దింది, రుద్దింది, చేతులు లాగేస్తున్నా ఆపలేదు. పొట్ట కాస్త గట్టిపడింది. అంతలో నర్సమ్మ రానే వచ్చింది, సూది వేసింది. రక్తం ఆగింది!

వరహాలు కళ్ళు తెరిచి దాహమంది. బాలింతకి మూడు రోజులు నీళ్ళివ్వకపోవడం ఆ ఇంటి ఆచారం. ఆ ఆచారం నడిపేది అచ్చియ్యమ్మే. అందరూ ఆవిడ వైపు చూశారు. నీళ్ళు పట్టకపోతే ఒంట్లో నెత్తురు ఎలా ఊరుతుందని నూకాలమ్మ ఒక్కటే అడిగింది.

అచ్చియ్యమ్మ చెంబు అందుకుంది. తనే వెళ్ళి కాచి చల్లార్చిన నీళ్ళు తెచ్చింది. కోడలి తల ఒళ్ళో పెట్టుకుని, "ఇంకొంచెం తాగమ్మా" అంటూ చెంబెడూ తాగించింది.

ఒక ప్రాణాన్ని చేతుల్లోకి తీసుకున్నవాళ్ళు మధ్యలో చెయ్యి దులుపుకుని లేవకూడదు. గుర్తుపెట్టుకో, బంగారం.

కథ పోయింది కంచికి,
కునుకొచ్చింది కంటికి,
బుజ్జిపిల్ల మంచానికి.